అమెరికా ప్రభుత్వ బడిలో మీ పిల్లలు ఇంగ్లీషు నేర్చుకుంటున్నారా? వాళ్ల హక్కులు ఇలా రాబట్టుకోండి

బడిలో చేర్పించే రోజున మీ చేతికిచ్చే కాగితాల కట్టలో ఒక చిన్న ఫారం ఉంటుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లవాడికి మొదట వచ్చిన మాటలు ఏ భాషవి అని అడుగుతుంది. కొత్తగా అమెరికాకు వచ్చిన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది అక్కడ చటుక్కున ‘ఇంగ్లీషు’ అని రాసేస్తారు. తెలుగు అని రాస్తే పిల్లవాడి మీద ఏదో ముద్ర పడుతుందనీ, తెలివైన పిల్లల తరగతుల్లోకి రానివ్వరనీ భయం. కొందరికి ఇది పరువు సంగతి కూడా. లక్షలు పోసి ఇంగ్లీషు మీడియంలో చదివించాం, మా వాడికి ఇంగ్లీషు రాదంటారా అని రోషం. ఆ ఒక్క మాటతో, చట్టం ఇచ్చిన సాయమంతా చాలావరకు మొదటి రోజే చేజారిపోతుంది.

ఇక్కడ చెప్పేవి అమెరికాలోని ప్రభుత్వ బడులకు వర్తిస్తాయి. చార్టర్ స్కూళ్లు, అంటే ప్రభుత్వ డబ్బుతో స్వతంత్రంగా నడిచే బడులు, కూడా ప్రభుత్వ బడుల కిందికే వస్తాయి. ప్రైవేటు బడుల సంగతి వేరు. రాష్ట్రాన్ని బట్టి పేర్లు, గడువులు మారుతుంటాయి కానీ పునాది మాత్రం ఫెడరల్ చట్టమే.

చట్టం ఏమంటుంది

1970ల తొలినాళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లలు 2,800 మందికి పైగా ఉండేవారు. అందులో సుమారు 1,800 మందికి ఏ అదనపు సాయమూ అందేది కాదు. అందరికీ ఇచ్చిన పుస్తకమే ఇచ్చాం, అందరికీ చెప్పిన పాఠమే చెప్పాం, ఇందులో వివక్ష ఎక్కడుంది అన్నది బడి అధికారుల వాదన. 1974లో లౌ వర్సెస్ నికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. పాఠం అర్థం కాని పిల్లవాడికి అదే పుస్తకం, అదే టీచరు, అదే గది ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని తేల్చింది. 1964 నాటి పౌర హక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం ఆ తీర్పుకు ఆధారం. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సమాన విద్యావకాశాల చట్టాన్ని కూడా తెచ్చింది. పిల్లలు మిగతావారితో సమానంగా చదువుకోవడానికి భాష అడ్డొస్తే, ఆ అడ్డు తొలగించడానికి బడి తగిన చర్య తీసుకోవాలని అందులో ఉంది.

2025లో కొన్ని మార్పులు జరిగాయి. మార్చిలో ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. ఆగస్టులో, ఈ పిల్లల విషయంలో బడులు ఏమేం చేయాలో వివరించిన 2015 నాటి మార్గదర్శక లేఖను కేంద్రం వెనక్కి తీసుకుంది. ఇకపై ఈఎస్ఎల్ (ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లలకు బడి ఇచ్చే ప్రత్యేక ఇంగ్లీషు పాఠం) ఇవ్వనక్కర్లేదట అనే మాట అప్పటి నుంచి వాట్సాప్ గుంపుల్లో తిరుగుతోంది. నమ్మకండి. వెనక్కి వెళ్లినది చట్టానికి ప్రభుత్వం రాసుకున్న వ్యాఖ్యానం. పైన చెప్పిన రెండు చట్టాలు, సుప్రీంకోర్టు తీర్పు అలాగే ఉన్నాయి. బడి ఆఫీసులో ఎవరైనా ఈ మాట అంటే, ‘ఆ మాటే ఈమెయిల్‌లో రాసి పంపండి’ అని మర్యాదగా అడగండి. ఎక్కువమంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

మొదటి మెట్టు: చేర్పించేటప్పుడు ఏ కాగితాలు చూపాలి

బడికి కావలసినవి ముఖ్యంగా మూడు: పిల్లల వయసుకు రుజువు, మీరు ఆ ప్రాంతంలో ఉంటున్నట్టు రుజువు, టీకాల వివరాలు. మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చాలు. విదేశానిదన్న కారణంతో కాదనడానికి లేదు. చిరునామాకు అద్దె ఒప్పందమో, కరెంటు బిల్లో సరిపోతుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని చేర్చుకోకపోవడం కుదరదు.

మనవాళ్లు పాస్‌పోర్టులు, వీసాలు, ఐ-797లు ఉన్న ఫైలు మొత్తం పట్టుకెళ్లి కౌంటరు మీద పరుస్తారు. అదేమీ అక్కర్లేదు. వలస కాగితాలు లేని పిల్లలను బడికి దూరం పెట్టేందుకు వీలిచ్చిన టెక్సస్ చట్టాన్ని 1982లో ప్లయ్‌లర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి వలస స్థితిని షరతుగా పెట్టే అధికారం బడికి లేదు. ఒక్క మెలిక ఉంది: బడి అడగకపోయినా వీసా నియమాలు వీసా నియమాలే. హెచ్-4, ఎల్-2, ఎఫ్-2 మీద ఉన్న పిల్లలకు ఏ ఇబ్బందీ లేదు. సందర్శకుల వీసా మీద వచ్చిన పిల్లవాణ్ణి బడిలో వేసే ముందు మాత్రం ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.

టీకాల దగ్గరే మన పిల్లలు ఎక్కువగా ఆగిపోతారు. ఇక్కడ చాలా రాష్ట్రాలు తప్పనిసరి అనే చికెన్‌పాక్స్ టీకా మన ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు. ప్రయాణానికి ముందే హైదరాబాదులోనో విజయవాడలోనో ప్రైవేటుగా వేయించి, కార్డులో తేదీతో రాయించుకోండి.

పదిహేడేళ్ల పిల్లవాణ్ణి తీసుకెళితే ‘వయసు ఎక్కువైంది, పెద్దల చదువుకు వెళ్లండి’ అని పంపించేసే బడులూ ఉన్నాయి. వినకండి. న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో హైస్కూలు పూర్తికానివారికి 21 ఏళ్లు వచ్చేవరకు ఉచితంగా చదువుకునే హక్కుంది. మీ రాష్ట్రంలో వయసు పరిమితి ఎంతో రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైటులో చూసుకుని వెళ్లండి.

ఇంకో భయం కూడా ఉంది: ఈఎస్ఎల్ తీసుకుంటే రేపు గ్రీన్‌కార్డుకు అడ్డొస్తుందేమోనని. ప్రభుత్వ బడి చదువును, అందులో భాగమైన భాషా సాయాన్ని పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని ఇమ్మిగ్రేషన్ అధికారులు చూసే పరిశీలన) లెక్కలోకి తీసుకోలేదు.

రెండో మెట్టు: భాష ఫారం నిజంగా నింపండి

దీని పేరు హోమ్ లాంగ్వేజ్ సర్వే. కాలిఫోర్నియాలో నాలుగు ప్రశ్నలు ఉంటాయి: పిల్లవాడు మాటలు నేర్చినప్పుడు మొదట ఏ భాష మాట్లాడాడు, ఇంట్లో ఇప్పుడు ఎక్కువగా ఏ భాష మాట్లాడతాడు, మీరు వాడితో ఏ భాషలో మాట్లాడతారు, ఇంట్లో పెద్దలు తమలో తాము ఏ భాషలో మాట్లాడుకుంటారు. మిగతా రాష్ట్రాల ఫారాలూ కాస్త అటూ ఇటూగా ఇవే అడుగుతాయి.

ప్రశ్నకు ప్రశ్న విడిగా చూసి జవాబివ్వండి. నానమ్మతో తెలుగు, చెల్లితో సగం సగం, టీవీతో ఇంగ్లీషు మాట్లాడే పిల్లవాడికి మొదటి ప్రశ్నకు ‘తెలుగు’, రెండో ప్రశ్నకు ‘ఇంగ్లీషు’ అని రాయవలసి రావచ్చు. తప్పేమీ లేదు. అన్ని గళ్లలోనూ ఒకే మాట ఉండాలన్న నియమం లేదు. అబద్ధం ఉండకూడదు, అంతే.

తెలుగు అని రాసినంత మాత్రాన పిల్లవాణ్ణి ఈఎస్ఎల్‌లో వేసేయరు. ఒక పరీక్ష పెడతారు. అందులో నెగ్గితే మామూలు తరగతే. నెగ్గకపోతే సాయం అవసరమన్న మాట, అది ఇవ్వడం బడి బాధ్యత. అమెరికాలోనే పుట్టిన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. ఐదేళ్లూ ఇంట్లో తెలుగులోనే పెరిగి కిండర్‌గార్టెన్‌లో అడుగుపెట్టే పిల్లలు ఎందరో. వాళ్లు పుట్టుకతో అమెరికా పౌరులైనా ఈ చట్టాల రక్షణ వాళ్లకూ ఉంది.

నిజం రాయమనడానికి ఇంకో కారణం ఉంది, ఇది చాలామందికి తెలియదు. టెక్సస్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో ఒకే భాష మాట్లాడే ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు 20 మంది చేరితే, ఆ భాషలో కూడా బోధించే ద్విభాషా కార్యక్రమం పెట్టవలసిన బాధ్యత వస్తుంది. టెక్సస్‌లో ఆ 20 మందిని స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) మొత్తంలో ఒకే తరగతి స్థాయిలో లెక్కిస్తారు, ఇల్లినాయ్‌లో ఒక్కో బడిని బట్టి, న్యూజెర్సీలో డిస్ట్రిక్ట్‌ను బట్టి. అర్హత ఉన్న తెలుగు టీచర్లు దొరకలేదని డిస్ట్రిక్టులు మినహాయింపు అడగడం మామూలే. అయినా లెక్కంటూ ఉంటేనే కదా అడగగలిగేది! టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఒకే వీధిలో ఉండే పది తెలుగు కుటుంబాలు పరువు కోసం ‘ఇంగ్లీషు’ అని రాస్తే, ఆ బడి రికార్డులో తెలుగు అన్న భాషే కనిపించదు. దుభాషి కోసం అడిగినప్పుడు ‘మీ భాషవాళ్లు ఇక్కడ ఎవరూ లేరే’ అంటారు.

పొరపాటున తప్పు రాసి ఉంటే దిద్దుకునే వీలుంది. టెక్సస్‌లో చేరిన రెండు వారాల లోపు, పరీక్ష పెట్టకముందే రాతపూర్వకంగా అడగాలి. కాలిఫోర్నియాలో ఫారాన్ని ఎప్పుడైనా మార్చవచ్చు, కానీ పరీక్ష అయిపోయాక మార్చినా ఆ ఫలితం చెరగదు. అందుకే మొదటిసారే నిదానంగా నింపండి.

మూడో మెట్టు: పరీక్ష, ఆ తర్వాత వచ్చే ఉత్తరం

పరీక్షకు గడువులున్నాయి. కాలిఫోర్నియాలో చేరిన 30 రోజుల్లో, టెక్సస్‌లో నాలుగు వారాల్లో, న్యూయార్క్‌లో పది పనిదినాల్లో ఇది జరగాలి. ప్రతి ఏటా పెట్టే పరీక్ష వేరు. దాన్ని కాలిఫోర్నియాలో ఎల్‌పాక్ అని, టెక్సస్‌లో టెల్‌పాస్ అని, న్యూజెర్సీ, జార్జియా, వర్జీనియా, ఇల్లినాయ్, నార్త్ కరోలినా వంటి చాలా రాష్ట్రాల్లో విడా యాక్సెస్ అని అంటారు. అన్నింటిలోనూ నాలుగు భాగాలు: వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం.

మన ఇంగ్లీషు మీడియం పిల్లల మార్కులు చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. చదవడం, రాయడం బాగుంటాయి, మాట్లాడటం దగ్గర అంకె పడిపోతుంది. గుంటూరులో ఆరో తరగతి ప్రశ్నాజవాబులు అక్షరం పొల్లుపోకుండా రాసిన పిల్ల, ఎదురుగా కూర్చున్న పరీక్షకురాలు బొమ్మ చూపించి ‘ఇక్కడేం జరుగుతోందో చెప్పు’ అంటే రెండు ముక్కలతో ఆగిపోతుంది. అది భాష రాకపోవడమా, బెరుకా, ఉచ్చారణ అర్థం కాకపోవడమా అన్నది మొత్తం మార్కు చెప్పదు. అందుకే భాగాల వారీగా మార్కులు అడిగి తీసుకోండి. టీచరుతో మాట్లాడేటప్పుడు ‘మా అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు’ అని వాదించడం కంటే, ‘మాట్లాడటంలో ఎందుకు తగ్గింది, ఆ ఒక్క దానికి ఏం చేస్తారు’ అని అడగడం వల్ల పని జరుగుతుంది.

సాయం అవసరమని తేలితే, విద్యా సంవత్సరం మొదలైన 30 రోజుల్లో బడి మీకు ఉత్తరం పంపాలి. ఏడాది మధ్యలో చేరితే రెండు వారాల్లో పంపాలి. ఇది 2015 నాటి ఫెడరల్ విద్యా చట్టంలో ఉన్న నియమం. పిల్లవాణ్ణి ఎందుకు ఎంపిక చేశారు, ఏ స్థాయిలో ఉన్నాడు, ఎలాంటి బోధన ఇస్తారు, ఇందులోంచి బయటపడాలంటే ఏం సాధించాలి, వద్దనుకుంటే ఎలా చెప్పాలి అన్నవన్నీ అందులో ఉండాలి. వీలైనంతవరకు మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఉత్తరం రాకపోతే అడగండి. వస్తే ఒక ఫైలులో పెట్టండి. ఇకపై ప్రతి కాగితమూ ఆ ఫైలులోకే వెళ్లాలి.

నాలుగో మెట్టు: నిజంగా ఏం నేర్పుతున్నారో చూడండి

ఎక్కువమంది ఉత్తరం వచ్చాక ఊరుకుంటారు. అసలు పని ఇక్కడ మొదలవుతుంది.

సాయం ఎలా ఉండాలన్నదానికి కోర్టులు వాడే కొలమానం 1981 నాటి కాస్టనేడా వర్సెస్ పికార్డ్ తీర్పు. టెక్సస్‌లోని రేమండ్‌విల్ అనే ఊరి బడుల మీద వచ్చిన కేసు అది. అందులో మూడు ప్రశ్నలు ఉన్నాయి. బడి ఎంచుకున్న పద్ధతి నిపుణులు ఒప్పుకునేదేనా? దాన్ని నడపడానికి సరిపడా టీచర్లు, పుస్తకాలు, సమయం ఇస్తున్నారా? కొంతకాలం తర్వాత పిల్లలు నిజంగా భాష నేర్చుకుంటున్నారా? నేర్చుకోకపోతే పద్ధతి మార్చాలి. ఇదే పద్ధతి అనుసరించాలని కోర్టు నిర్దేశించలేదు. కాబట్టి ‘తెలుగులోనే చెప్పండి’ అని మీరు పట్టుబట్టే హక్కు ఫెడరల్ చట్టంలో లేదు. ఉన్న పద్ధతి పనిచేయాలని పట్టుబట్టే హక్కు మాత్రం ఉంది.

మొదటి టీచర్ల సమావేశంలో ఈ మూడింటినీ మామూలు మాటల్లో అడగండి. వారానికి ఎన్ని నిమిషాల ఇంగ్లీషు పాఠం అదనంగా ఇస్తున్నారు? చెప్పేవారికి ఈఎస్ఎల్ సర్టిఫికెట్ ఉందా, లేక సహాయకురాలా? తరగతిలోంచి బయటికి తీసుకెళుతున్నారా, అయితే ఆ సమయంలో లెక్కలో సైన్సో పోతున్నాయా? సైన్సు పాఠం అర్థమయ్యేందుకు సైన్సు టీచరు ఏం చేస్తున్నారు? చివరి ప్రశ్న చాలా ముఖ్యం. భాష వచ్చేదాకా మిగతా చదువు ఆగకూడదన్నది చట్టం ఉద్దేశం. ఇంగ్లీషు పాఠం ఇచ్చి, మిగతా ఆరు పీరియడ్లూ గోడవంక చూస్తూ కూర్చోనిస్తే సరిపోదు.

పిల్లవాణ్ణి కూడా అడగండి. ‘ఈ రోజు ఈఎస్ఎల్‌లో ఏం చేశారు?’ అంటే నెల రోజుల పాటు రోజూ ‘ట్యాబ్లెట్‌లో ఆట’ అని వస్తోందంటే ఆలోచించాల్సిందే. పిల్లలు భాషను ఇట్టే పట్టేస్తారు, ఆరు నెలలు ఆగండి అని కొందరు టీచర్లు మంచి మనసుతోనే చెబుతారు. ఆడుకునేటప్పుడు మాట్లాడే ఇంగ్లీషు త్వరగా వస్తుంది, నిజమే. పాఠ్యపుస్తకపు ఇంగ్లీషుకు ఏళ్లు పడుతుంది. సాయం ఇవ్వకపోవడానికి ఓపిక పట్టమనడం జవాబు కాదు.

ఈ పిల్లలను మిగతావారి నుంచి అవసరానికి మించి విడదీయకూడదు. భోజనం, ఆటలు, సంగీతం, చిత్రలేఖనం అందరితో కలిసే ఉండాలి. ఇంగ్లీషు పూర్తిగా రాలేదన్న ఒక్క కారణంతో గిఫ్టెడ్ (తెలివైన పిల్లల) కార్యక్రమానికి పరీక్ష కూడా పెట్టనివ్వకపోవడం తప్పు. మన తల్లిదండ్రులు ఎక్కువగా భయపడేది దీనికే కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఈఎస్ఎల్‌లో ఉండటం, లెక్కల్లో ముందు తరగతికి వెళ్లడం రెండూ ఒకేసారి జరగవచ్చు. అడగండి.

వద్దనే హక్కు ఉంది, కానీ

ఈఎస్ఎల్ వద్దని రాసిచ్చే హక్కు మీకుంది. టెక్సస్‌లో అయితే చేర్చడానికే మీ అంగీకారం కావాలి. వద్దని చెప్పమని బడి మిమ్మల్ని ఒత్తిడి చేయకూడదు. అయితే వద్దన్నంత మాత్రాన పిల్లవాడి రికార్డులోంచి ‘ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాడు’ అన్న గుర్తు పోదు. ఏటేటా వచ్చే పరీక్ష రాయవలసిందే, మామూలు తరగతిలో వాడు వెనకబడకుండా చూడవలసిన బాధ్యత బడికి ఉండనే ఉంటుంది. అంటే మీరు వదులుకునేది పాఠాన్ని, పరీక్షను కాదు. నా మట్టుకు ఇది నష్టపు బేరం. ఒక ఏడాది చూసి, పనికిరాకపోతే అప్పుడు రాసివ్వండి. మనసు మార్చుకుని తిరిగి అడిగే హక్కు కూడా ఉంది.

ఐదో మెట్టు: దుభాషిని అడగండి

ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఇది మాకెందుకు అనుకోవచ్చు. కానీ పిల్లవాణ్ణి బడికి తీసుకెళ్లేది చాలా ఇళ్లలో తల్లి, ఇంగ్లీషు మాట్లాడటానికి మొహమాటపడే తల్లి. ఆమెకు బడి నుంచి వచ్చే ముఖ్యమైన సమాచారం అర్థమయ్యేలా అందాలి. చేరిక, క్రమశిక్షణ చర్యలు, మార్కులు, టీచర్ల సమావేశాలు అన్నింటికీ ఇది వర్తిస్తుంది. దుభాషికి డబ్బు బడే ఇవ్వాలి. తెలుగు దుభాషులు ఎదురుగా దొరకని చోట ఫోనులో దొరుకుతారు. టేబుల్ మీద స్పీకరు పెట్టి మాట్లాడిస్తారు. కనీసం వారం ముందు ఈమెయిల్‌లో అడగండి. భాష పేరు తప్పకుండా రాయండి, లేకపోతే హిందీ దుభాషిని పిలుస్తారు.

పిల్లవాడినే దుభాషిగా వాడకూడదు, వాడనివ్వకండి. తను చేసిన అల్లరి గురించి ప్రిన్సిపల్ చెప్పే మాటలను తల్లికి పదేళ్లవాడు ఎలా అనువదిస్తాడో ఊహించండి!

కాలిఫోర్నియాలో ఒక బడిలో 15 శాతం లేదా అంతకన్నా ఎక్కువ మంది పిల్లల మాతృభాష ఒకటే అయితే, ఇంటికి పంపే నోటీసులు ఆ భాషలో కూడా ఉండాలని రాష్ట్ర చట్టం. భాష ఫారంలో నిజం రాయడానికి ఇది ఇంకో లాభం.

పిల్లవాడికి వేరే ఇబ్బంది ఉందేమో అనిపిస్తే

భాష రాకపోవడం ఒకటి, నేర్చుకోవడంలోనే ఇబ్బంది ఉండటం మరొకటి. బడులు రెండు రకాలుగానూ తప్పు చేస్తాయి. ఇంగ్లీషు రానివాణ్ణి లోపం ఉన్నవాడిగా లెక్కగట్టడం ఒక తప్పు. ‘ముందు ఇంగ్లీషు రానివ్వండి, తర్వాత చూద్దాం’ అని నిజమైన ఇబ్బందిని ఏళ్ల తరబడి పక్కన పెట్టడం ఇంకో తప్పు. వికలాంగ బాలల విద్యా చట్టం రెండింటినీ ఒప్పుకోదు. ఇంగ్లీషు తక్కువ రావడమే ముఖ్య కారణమైతే పిల్లవాణ్ణి వికలాంగుడిగా నిర్ణయించకూడదు. పరీక్షించేటప్పుడు, వీలైనంతవరకు, వాడికి బాగా వచ్చిన భాషలో పరీక్షించాలి.

అందువల్ల మీ ఉత్తరంలో ఒక విషయం స్పష్టంగా ఉండాలి: తెలుగులో కూడా వాడికి ఇదే ఇబ్బంది ఉందా? మూడేళ్లు వచ్చినా తెలుగు మాటలు రాలేదా, ఊళ్లో బడిలో కూడా చదవడం కష్టమయ్యేదా? ఉంటే రాయండి, ఊరి బడి ప్రోగ్రెస్ కార్డు జతచేయండి. అనుమానం ఉందని మీరు రాతపూర్వకంగా అడిగితే బడి పరీక్షకు ఒప్పుకోవాలి, లేదా ఎందుకు ఒప్పుకోవడం లేదో రాసివ్వాలి. అర్హత తేలితే ఈఎస్ఎల్ సాయం, ప్రత్యేక విద్య రెండూ ఇవ్వాలి. ఒకటి తీసుకుంటే ఇంకొకటి లేదనడం చెల్లదు. ఐఈపీ (ప్రత్యేక విద్య తీసుకునే పిల్లవాడి కోసం రాసే ప్రణాళిక) సమావేశానికి దుభాషిని ఏర్పాటు చేయడం కూడా చట్టంలో ఉంది.

హైస్కూలులో చేరేవారికి

తొమ్మిదో తరగతి, పదో తరగతి మార్కుల మెమోలు, బడి ఇచ్చిన బదిలీ పత్రం వెంట తెచ్చుకోండి. గ్రాడ్యుయేషన్‌కు కావలసిన క్రెడిట్లలో ఇండియాలో చదివిన చదువును ఎంతవరకు లెక్కిస్తారో కౌన్సెలర్‌ను మొదటి వారంలోనే అడగండి. ఆలస్యమైతే వచ్చిన లెక్కలనే మళ్లీ చదవవలసి వస్తుంది. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), ఆనర్స్ వంటి పై స్థాయి తరగతులకు భాష పేరుతో తలుపు మూయకూడదు. రాష్ట్ర పరీక్షల్లో అదనపు సమయం, పదానికి పదం చూపే నిఘంటువు వంటి వెసులుబాట్లు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి; పరీక్ష రోజున అడిగితే దొరకవు, ముందే పిల్లవాడి రికార్డులో నమోదై ఉండాలి. దేశంలోకి వచ్చి 12 నెలలు కాని పిల్లలకు ఇంగ్లీషు చదువు పరీక్షను ఒక్కసారికి మినహాయించే వీలును ఫెడరల్ చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది.

బయటపడే మెట్టు

సాయం అవసరం తీరాక రికార్డులోని ‘ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాడు’ అన్న గుర్తు తీసేయాలి. ఏటేటి పరీక్షలో రాష్ట్రం పెట్టిన మార్కు దాటడం ముఖ్యం. కాలిఫోర్నియాలో దాంతో పాటు టీచరు అభిప్రాయం, తల్లిదండ్రుల అభిప్రాయం, ప్రాథమిక నైపుణ్యాల పోలిక కూడా చూస్తారు. మీ అభిప్రాయం అడగలేదంటే ఒక షరతు తప్పినట్టే. తొందరపడి బయటికి పంపించేయడం, ఏళ్ల తరబడి అలాగే ఉంచేయడం రెండూ ఉన్నాయి. ఐదేళ్లయినా అదే స్థాయిలో ఉంటే, కాస్టనేడా మూడో ప్రశ్న గుర్తు చేయండి. బయటికి పంపాక కూడా కొన్నేళ్లు పిల్లవాణ్ణి గమనించాలి, వెనకబడితే సాయం మళ్లీ ఇవ్వాలి.

పని జరగకపోతే

వరండాలో టీచరుతో మాట్లాడిన మాటకు సాక్ష్యం ఉండదు. మాట్లాడండి, తప్పు లేదు; ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే ‘ఈ రోజు మనం అనుకున్నవి ఇవి’ అని ఈమెయిల్ పంపండి. కాగితం మీద తేదీ ఉంటేనే తర్వాత పనికి వస్తుంది.

మొదటి ఉత్తరం ఈఎస్ఎల్ టీచరుకు, ప్రిన్సిపల్‌కు కలిపి రాయండి. పొడుగు అక్కర్లేదు. పిల్లవాడి పేరు, తరగతి, చేరిన తేదీ. పరీక్షలో వచ్చిన స్థాయి. జరగవలసినది ఏమిటి, జరుగుతున్నది ఏమిటి, ఉదాహరణకు ‘వారానికి ఐదు రోజులు ఈఎస్ఎల్ అన్నారు, సెప్టెంబరు నుంచి రెండు రోజులే జరుగుతోంది’ అని. మీకు ఏం కావాలో ఒకే వాక్యంలో. జవాబు ఏ తేదీలోగా కావాలో చివర్లో. కోపం, వ్యంగ్యం, ‘మా పన్నులతోనే మీ జీతాలు’ వంటివి వద్దు. అవి చదివినవాడు లాయరుకు చూపించి కూర్చుంటాడు.

రికార్డులు కావాలంటే 1974 నాటి ఫెర్పా చట్టం పేరు చెప్పి అడగండి. 45 రోజుల్లోగా చూపించాలి. పరీక్ష పత్రాలు, మార్కులు, హాజరు, బడి రికార్డులో ఉంచిన టీచరు గమనికలు అందులోకి వస్తాయి.

ప్రిన్సిపల్ దగ్గర తేలకపోతే డిస్ట్రిక్ట్‌లో ఈ పిల్లల కార్యక్రమాన్ని చూసే డైరెక్టర్, ఆ పైన సూపరింటెండెంట్, ఆ పైన స్కూల్ బోర్డు. చాలాచోట్ల బోర్డు సమావేశాల్లో తల్లిదండ్రులు కొద్ది నిమిషాలు మాట్లాడవచ్చు. ఒక్కరు మాట్లాడితే వింటారు, అదే ఫిర్యాదుతో ఎనిమిది కుటుంబాలు వస్తే రాసుకుంటారు. తెలుగు సంఘాలు దసరా, సంక్రాంతి సంబరాలకు చూపే ఓపికలో కొంత ఇటు చూపితే ఎంతో మేలు.

ఆ తర్వాత రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు చేయవచ్చు. కాలిఫోర్నియాలో ఏకరూప ఫిర్యాదు విధానం కింద ముందు డిస్ట్రిక్ట్‌కే ఇవ్వాలి, 60 రోజుల్లో వాళ్లు రాతపూర్వకంగా తేల్చాలి.

ఫెడరల్ స్థాయిలో రెండు తలుపులున్నాయి. విద్యాశాఖలోని పౌర హక్కుల కార్యాలయానికి, అన్యాయం జరిగిన 180 రోజుల్లోగా, ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, లాయరు అక్కర్లేదు. న్యాయశాఖలోని పౌర హక్కుల విభాగానికి కూడా రాయవచ్చు. అయితే 2025లో విద్యాశాఖ పౌర హక్కుల కార్యాలయపు 12 ప్రాంతీయ శాఖల్లో ఏడింటిని మూసేయాలని నిర్ణయించారు, సిబ్బందిని బాగా తగ్గించారు. అక్కడి నుంచి త్వరగా జవాబు వస్తుందని ఆశపడకండి. గడువు దాటకుండా ఫిర్యాదు వేసి ఉంచండి, అదే సమయంలో రాష్ట్రం వైపు నుంచి పని నడపండి. ఫిర్యాదు చేశారన్న కోపంతో పిల్లవాడి మీద కక్ష తీర్చుకోవడం కూడా చట్టవిరుద్ధమే; అలాంటిది జరిగితే అదీ తేదీతో ఫైలులో పెట్టండి.

కోర్టు చివరి మాట. తల్లిదండ్రులు సొంతంగా దావా వేయడానికి సమాన విద్యావకాశాల చట్టం వీలిస్తుంది. పౌర హక్కుల చట్టం ఆరో అధ్యాయం కింద అయితే, 2001 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, ఉద్దేశపూర్వక వివక్షను చూపించగలిగితేనే సొంత దావా నిలుస్తుంది. ఏ చట్టం కింద వెళ్లాలో లాయరు చూసుకుంటారు. ఉచిత న్యాయ సహాయ కేంద్రాలు, లా కాలేజీల క్లినిక్‌లు ఇలాంటి కేసులు తీసుకుంటాయి. వెళ్లేటప్పుడు భాష ఫారం ప్రతి, 30 రోజుల ఉత్తరం, మార్కుల కాగితాలు, మీ ఈమెయిళ్లు తేదీల వరుసలో పెట్టి తీసుకెళ్లండి; లాయరు మొదట అడిగేవి అవే.